అప్‌డేట్: ఎనిమిది డాల్మేషియన్ కుక్కపిల్లలు ఇళ్లకు చేరాయి

మా డాల్మేషియన్ కుక్కకి పిల్లలు పుట్టిన వారానికి ఇక్కడ అడిగాను కదా, తొమ్మిదీ తెల్లగానే ఉన్నాయి, మచ్చలెప్పుడొస్తాయి, ఇన్నిటికి ఇళ్లెలా వెతకాలి అని.

కొన్ని రోజులాగితే మచ్చలు వాటంతటవే వస్తాయన్నారు, మీరు చెప్పినట్టే అయింది. 12వ రోజున ముందు పొట్ట చర్మం మీద మసగ్గా మరకలు కనిపించాయి, తర్వాత వెంట్రుకల్లో నల్ల చుక్కలు వచ్చాయి.

అసలు టెన్షన్ చెవులది. గిన్నె చప్పుడు వింటే ఎనిమిది పరిగెత్తుకొచ్చేవి. ఒకటి మాత్రం పక్కవి కదిలితే గానీ లేచేది కాదు. ఆరో వారంలో బీఏఈఆర్ పరీక్ష (శబ్దానికి మెదడు స్పందనను ఒక్కో చెవికి విడిగా కొలిచే వినికిడి పరీక్ష) చేయిస్తే దానికి రెండు చెవులూ వినపడవని తేలింది. ఇంకోదానికి ఒక చెవే పనిచేస్తుంది. చప్పట్లు కొట్టి చూస్తే ఈ రెండోది ఎప్పటికీ బయటపడేది కాదు.

8 వారాలు నిండాకే పంపాను. ముందే ఇచ్చేయమన్నవాళ్లకు కుదరదన్నాను. తీసుకున్న అందరికీ ఈ జాతికి మూత్రంలో రాళ్ల బెడద ఉందని, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచమని, లివర్ పెట్టొద్దని చెప్పాను.

వినపడనిదాన్ని ఇదివరకు అలాంటి కుక్కనే పెంచిన ఒకావిడ తీసుకున్నారు. చేతి సైగకి అప్పుడే కూర్చుంటోందట. ఒక చెవిది మా దగ్గరే ఉండిపోయింది. ఎందుకని అడగకండి.