గడ్చిరోలి యూనివర్సిటీ కబుర్లు సిరొంచలో ముందే తెలిసేదెలా?

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ. చెల్లి ఇక్కడే బి.ఏ. పూర్తి చేసింది. 2011లో నాగపూర్ యూనివర్సిటీ నుంచి విడదీసి గడ్చిరోలిలో గోండ్వానా యూనివర్సిటీ పెట్టాక చదువు దగ్గరైందన్నారు. దగ్గరంటే ఏముంది, ఆలపల్లి మీదుగా అడవి దారిలో దాదాపు 200 కిలోమీటర్లు! పోయినేడు ఆటల పోటీల నోటీసు కాలేజీ బోర్డు మీద కనబడేసరికి, పేర్లిచ్చే గడువు దాటి రెండు రోజులైంది. వాన తడికి సిరా కారిపోయిన మరాఠీ కాగితం, నేను కూడబలుక్కుని చదివాను.

ఇప్పుడు స్నాతకోత్సవం టెన్షన్. తేదీ, దరఖాస్తు గడువు మీకు ముందే ఎలా తెలుస్తాయి? వెళ్లలేకపోతే పట్టా కాలేజీకే వస్తుందా? వెళ్తే ముందురోజు రాత్రి అమ్మతో సహా ఉండటానికి గడ్చిరోలిలో చవకైన చోటుందా? అమ్మకి మాత్రం గౌనులో చెల్లి ఫోటో కావాల్సిందేనట. వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.