అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (జట్ల లీగ్) ఫైనల్‌కి 2024లో ఇండియానా కాకుండా పెన్ స్టేట్ ఎలా వెళ్లింది?

2024లో పశ్చిమ తీరం నుంచి నాలుగు జట్లు చేరి బిగ్ టెన్ 18 జట్లదైంది, జట్లను రెండు గుంపులు చేసే డివిజన్లు ఎత్తేశారు, కాబట్టి మొత్తం పట్టికలో టాప్ రెండు జట్లే ఫైనల్‌కి. ఆ సీజన్‌లో ఆరిగన్ 9-0తో (తొమ్మిది గెలుపులు, ఓటమి లేదు) టాప్. రెండో స్థానంలో పెన్ స్టేట్, ఇండియానా రెండూ 8-1. ఇవి ఒకదానితో ఒకటి ఆడనేలేదు. ఇద్దరికీ ఉమ్మడి ప్రత్యర్థులైన యూసీఎల్ఏ, వాషింగ్టన్, మేరీల్యాండ్, పర్డ్యూలపై గెలుపే, ఒహాయో స్టేట్‌పై ఓటమే. అంటే అక్కడా 4-1, 4-1. పాయింట్ల తేడా లెక్కేసినా జవాబు రాలేదు, అసలు దాన్ని చూస్తారో లేదో కూడా తెలియడం లేదు. ఇన్ని జట్లకి తొమ్మిదే కాన్ఫరెన్స్ మ్యాచ్‌లైతే ఈ చిక్కు మళ్లీ మళ్లీ వస్తుంది, అందుకే సరిగ్గా అర్థం చేసుకోవాలనుంది. ఉమ్మడి ప్రత్యర్థుల దగ్గరా సమం అయ్యాక, పెన్ స్టేట్‌ని ముందుకు తీసిన టైబ్రేకర్ (సమమైన జట్లలో ఎవరు ముందో తేల్చే) నిబంధన ఏది?