చిన్న క్లినిక్‌లో చేసే పరిశోధనకు డబ్బూ మనుషులూ ఎక్కడి నుంచి రావాలి?

పెరంబూరు వైద్యుడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఉత్తర చెన్నైలో, పెరంబూరు దగ్గర, 14 ఏళ్లుగా కుటుంబ వైద్యం చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో రైల్వేలో పనిచేసి రిటైరైనవారు, నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన చిరువ్యాపారులు ఎక్కువ. వారిలో బీపీ ఉన్నవారు మాత్రలు మొదలుపెట్టిన మూడు నాలుగు నెలలకు, ఒంట్లో బాగానే ఉంది కదా అని రావడం మానేస్తారు. మా కాంపౌండరు నెలకొకసారి ఫోను చేసి, వారు ఇంట్లో మాట్లాడే భాషలోనే పలకరిస్తే ఎంతమంది తిరిగి వస్తారు, ఎంతకాలం వస్తారు అన్నది లెక్కగట్టి చూడాలని నా కోరిక. మరో ఐదుగురు మిత్రులు తమ క్లినిక్‌లలో కూడా చేయడానికి ఒప్పుకున్నారు. ఒక్కో చోట 50 మంది చొప్పున 300 మందిని తీసుకోగలం.

ఇలాంటి ప్రశ్న పెద్దాసుపత్రిలో పుట్టదని నా అభిప్రాయం. 1961లో అమెరికాలో కెర్ వైట్ అనే వైద్య పరిశోధకుడు, ఆయన సహచరులు వేసిన లెక్క మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. వెయ్యిమంది పెద్దవారిని తీసుకుంటే ఒక నెలలో 750 మందికి ఏదో ఒక అనారోగ్యం ఉంటుందని, 250 మంది వైద్యుడిని చూస్తారని, 9 మంది ఆసుపత్రిలో చేరతారని, విశ్వవిద్యాలయ ఆసుపత్రి దాకా వెళ్లేది ఒక్కరేనని ఆ లెక్క చెప్పింది. ఆ ఒక్కరిని చదివి రాసిన పుస్తకాలతోనే మనం మిగతా 249 మందికి మందు రాస్తున్నాం.

రెండేళ్ల క్రితం ఒక వైద్య కళాశాలవారు అడిగితే వారి అధ్యయనానికి మా రోగులను పంపించాము. సమ్మతి పత్రాలు చదివి వినిపించడం, ఫోను నంబర్లు రాసుకోవడం, రానివారిని మళ్లీ పిలిపించడం అంతా మా రిసెప్షన్ అమ్మాయే ఓపీ సమయంలో చేసింది. ఆ అమ్మాయికి రూపాయి అందలేదు. ఫలితం ఏమి తేలిందో కూడా మాకు ఎవరూ చెప్పలేదు. ఇంగ్లండులో ఇలాంటి పనికి ప్రాంతీయ పరిశోధన నెట్‌వర్కులు క్లినిక్‌కే డబ్బు ఇస్తాయని, నర్సులను కూడా పంపుతాయని విన్నాను. అది నిజంగా ఎలా నడుస్తుంది? మన దగ్గర దానికి దగ్గరగా ఏముంది? నా బోటివాడు ఎక్కడ మొదలుపెట్టాలి?

వేళచ్చేరి నివాసి (జవాబు 1):

డాక్టర్ గారికి నమస్కారం. నేను ఉత్తర ఇంగ్లండులో ఆరేళ్లు రీసెర్చి నర్సుగా పనిచేసి తిరిగివచ్చాను. మీ రిసెప్షన్ అమ్మాయి చేసిన పనే అక్కడ నా ఉద్యోగం, కాబట్టి ముందు దాని గురించే చెబుతాను.

అక్కడి పద్ధతికి మూలం ఖర్చును మూడు ముక్కలుగా విడగొట్టడంలో ఉంది. 2012లో వారి ఆరోగ్యశాఖ విడుదల చేసిన మార్గదర్శకం ప్రకారం, ప్రశ్నకు జవాబు రాబట్టడానికి మాత్రమే అయ్యే ఖర్చు, అంటే ప్రశ్నావళి, డేటా విశ్లేషణ, అధ్యయనాన్ని నడిపే మేనేజరు జీతం వంటివి, పరిశోధన ఖర్చు. దానిని గ్రాంటు ఇచ్చిన సంస్థ భరించాలి. అర్హులైన రోగులను రికార్డుల్లో వెదకడం, వారికి అధ్యయనం గురించి వివరించి సమ్మతి తీసుకోవడం వంటివి సహాయక ఖర్చు. దానిని నెట్‌వర్కు భరిస్తుంది. అధ్యయనం ముగిశాక కూడా కొనసాగే వైద్యానికి అయ్యేది చికిత్స ఖర్చు. అది మామూలు వైద్యసేవల బడ్జెట్ నుంచే రావాలి. మీ క్లినిక్‌లో జరిగిన అన్యాయం రెండో ముక్కకు సంబంధించినది. ఆ ముక్కకు ఒక పేరు, ఒక పద్దు ఉండటం వల్లే అక్కడ ఊరి చివర ఇద్దరు డాక్టర్లున్న క్లినిక్ కూడా అధ్యయనంలో చేరగలుగుతుంది.

ఈ నెట్‌వర్కులను నడిపేది 2006లో ఏర్పడిన ఎన్‌ఐహెచ్‌ఆర్ అనే జాతీయ సంస్థ. 2014 నుంచి ఇంగ్లండు మొత్తాన్ని 15 స్థానిక నెట్‌వర్కులుగా నడిపి, 2024 అక్టోబరులో వాటి స్థానంలో 12 ప్రాంతీయ నెట్‌వర్కులను పెట్టారు. ఒక విషయంలో పొరబడకూడదు: సాధారణంగా అధ్యయనానికి అసలు గ్రాంటు ఇచ్చేది ఈ ప్రాంతీయ నెట్‌వర్కు కాదు. గ్రాంటు జాతీయ స్థాయిలో పోటీపడి, నిపుణుల సమీక్షలో నెగ్గి తెచ్చుకోవాలి. అలా నెగ్గినదాన్ని జాతీయ జాబితాలో చేర్చాక నెట్‌వర్కు సాయం మొదలవుతుంది. క్లినిక్‌లను సిద్ధంగా ఉంచడానికి మాత్రం విడిగా ఏడాదికింత అని ఇచ్చే పథకం ఉండేది. క్లినిక్ ఎన్ని అధ్యయనాలు చేయగలదో దానిని బట్టి అంచెలు, అంచెను బట్టి మొత్తం.

దీనివల్ల ఏమి సాధ్యమైందో కోవిడ్ కాలంలో చూశాము. ఆక్స్‌ఫర్డు నుంచి నడిచిన ప్రిన్సిపుల్ అనే ట్రయల్ పూర్తిగా ప్రాథమిక వైద్యంలోనే, ఇళ్లలో ఉండి కోలుకుంటున్నవారి మీద జరిగింది. అజిత్రోమైసిన్, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ల వల్ల అలాంటివారికి చెప్పుకోదగ్గ ప్రయోజనం లేదని, బుడెసొనైడ్ అనే పీల్చే ఉబ్బసం మందుతో కోలుకునే కాలం సుమారు మూడు రోజులు తగ్గిందని అది తేల్చింది. ఆ రోజుల్లో మన వీధుల్లో అజిత్రోమైసిన్ ఎన్ని స్ట్రిప్పులు అమ్ముడుపోయాయో గుర్తు చేసుకోండి.

లోపాలు లేవని కాదు. ఎంతమందిని చేర్చారన్న లెక్కమీద నెట్‌వర్కు పనితీరును తూచినప్పుడు, ఒక పేజీ ప్రశ్నావళి నింపించి వందలమందిని చూపించే అధ్యయనాలవైపు అందరి మనసూ లాగుతుంది. అధ్యయనం ఎంత కష్టమైనదో చూసి లెక్కకు బరువు కట్టే పద్ధతి పెట్టారు కానీ, నెలాఖరులో మా మేనేజరు అడిగింది మాత్రం ఎప్పుడూ ఆ సంఖ్యే.

అంబత్తూరు గణాంకవేత్త (జవాబు 2):

నమస్కారం. నేను ప్రజారోగ్య పరిశోధనల్లో గణాంకాలు చూస్తాను. ఇక్కడి దారుల గురించి చెప్పే ముందు మీ 300 మంది సంగతి చూద్దాం, ఎందుకంటే నిధులు ఇచ్చేవారి సమీక్షలో ముందుగా నలిగేది అదే.

మూడు క్లినిక్‌లలో ఫోను చేసి, మూడింటిలో చేయకుండా పోల్చాలని మీ ఉద్దేశమైతే ఆ 300 మంది నిజానికి 300 మంది కారు. ఒకే డాక్టరు దగ్గరికి వచ్చేవారు ఒకరినొకరు కొంత పోలి ఉంటారు. ఆ పోలికను (సున్నా అంటే పోలికే లేదు, ఒకటి అంటే అందరూ ఒకేలా ఉన్నట్టు) 0.05 అనుకుంటే, క్లినిక్‌కు 50 మంది చొప్పున తీసుకున్నప్పుడు నమూనా విలువ 3.45 రెట్లు తగ్గుతుంది, అంటే మీ చేతిలో మిగిలేది దాదాపు 87 మందికి సమానం. పైగా ఇరువైపులా మూడేసి క్లినిక్‌లే ఉంటే, తేడా ఫోను వల్ల వచ్చిందో, ఆ డాక్టరు చేతి చలవ వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఫోను అనేది ఒక్కొక్క మనిషికి విడిగా చేసేది కాబట్టి, ప్రతి క్లినిక్‌లోనూ రోగులనే లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేయండి. ఎవరు ఏ గుంపులో పడాలో కాంపౌండరు నిర్ణయించకూడదు, బయటివారు చేయాలి. ఇలాంటి సలహా గ్రాంటు రాకముందే, ఉచితంగా దొరకడం కూడా నెట్‌వర్కు చేసే పనుల్లో ఒకటి. ఇంగ్లండులో దరఖాస్తు రాసే దశలోనే సాయపడటానికి ప్రత్యేక విభాగాలున్నాయి. ఇక్కడ అది తెలిసినవారిని పట్టుకుని అడగడం మీద ఆధారపడి ఉంది, ఇప్పుడు మీరు అడిగినట్టే.

ఇక నిధులు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇటీవలి ప్రకటనల ప్రకారం చిన్న గ్రాంటు అంటేనే మూడేళ్లకు 2 కోట్ల రూపాయల దాకా. మీ పనికి అందులో చిన్న భాగం చాలు. చిక్కల్లా అది సంస్థకే తప్ప వ్యక్తికి రాదు. ప్రైవేటు సంస్థ అయితే కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన శాఖ దగ్గర సిరో గుర్తింపు, అంటే పరిశోధన సంస్థగా గుర్తింపు, ఉండాలి. పెరంబూరులో ఒక డాక్టరు, ఒక కాంపౌండరు ఉన్న క్లినిక్‌కు ఆ గుర్తింపు వచ్చే మాట కల్ల. అందుచేత ఒక ప్రభుత్వ వైద్య కళాశాల కమ్యూనిటీ మెడిసిన్ విభాగమో, గుర్తింపు ఉన్న ట్రస్టు ఆసుపత్రో ముందుండాలి, మీరు సహ పరిశోధకుడిగా ఉండాలి.

ప్రాంతీయ నెట్‌వర్కుకు మన దేశంలో కాస్త దగ్గరగా ఉన్నవి, కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన విభాగం 12వ పంచవర్ష ప్రణాళిక కాలంలో మొదలుపెట్టిన నమూనా గ్రామీణ ఆరోగ్య పరిశోధన యూనిట్లు. ఒక్కొక్కటి ఒక పల్లె ఆరోగ్య కేంద్రం దగ్గర ఉంటుంది, దానికి ఒక వైద్య కళాశాలనూ, మార్గదర్శిగా ఒక ఐసీఎంఆర్ సంస్థనూ జతచేస్తారు. తమిళనాడులో తిరునెల్వేలి జిల్లా కల్లూరులో, ఆంధ్రప్రదేశ్‌లో చంద్రగిరిలో ఉన్నాయి. ఆలోచన మంచిదే. కానీ అవి ప్రభుత్వ కేంద్రాల చుట్టూ అల్లుకున్నవి. జనం తొలుత వెళ్లే నగరపు ప్రైవేటు క్లినిక్ వాటి పరిధిలో లేదు.

నిధులకంటే మనుషులు ముఖ్యమని నేను అనడానికి కారణం, 2017 నవంబరులో మొదలైన దేశవ్యాప్త బీపీ నియంత్రణ కార్యక్రమం. తొలి దశలో తెలంగాణతో సహా ఐదు రాష్ట్రాల్లో కొన్ని జిల్లాలను తీసుకున్నారు. అందులో జిల్లాలు తిరిగి ఆరోగ్య కేంద్రాల్లో రికార్డులు సరిచూసి, సిబ్బందికి నేర్పి, ఎవరు తిరిగిరాలేదో చూపించే ప్రత్యేక అధికారులను పెట్టారు. ఆ పని మామూలు నర్సు నెత్తిన పడి ఉంటే రిజిస్టర్లు మొదటి నెలలోనే ఆగిపోయేవి.

మరొకటి గర్వంగా చెప్పుకోవచ్చు. క్షయరోగిని శానటోరియంలో ఉంచాలా, ఇంట్లోనే మందులిస్తే చాలునా అన్న ప్రశ్నకు జవాబు దొరికింది ఈ చెన్నైలోనే. 1956లో ఏర్పడిన క్షయ చికిత్సా కేంద్రం 193 మంది పేద రోగులను రెండు గుంపులుగా చేసి చూసింది. ఇంటి చికిత్స దాదాపు శానటోరియంతో సమానమని, ఇంట్లోవారికి అదనపు ప్రమాదమేమీ లేదని తేలింది. ఐసీఎంఆర్, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి నాలుగూ కలిసి దాన్ని మోశాయి. రోగి ఇంటికి వెళ్లి మాత్రలు లెక్కపెట్టే మనిషికి జీతం ముందే బడ్జెట్‌లో లేకపోతే ఆ జవాబు వచ్చేది కాదు.

బెంగళూరు రీసెర్చి ఆఫీసు ఉద్యోగి (జవాబు 3):

నేను ఒక ట్రస్టు ఆసుపత్రిలో గ్రాంటుల లెక్కలు చూస్తాను. డాక్టర్ గారూ, రెండు ఆచరణాత్మకమైన మాటలు చెబుతాను.

దరఖాస్తు రాసేటప్పుడే మీ ఆరు క్లినిక్‌ల పేర్లు అధ్యయన స్థలాలుగా ఉండాలి. రిసెప్షన్ సిబ్బంది గౌరవ వేతనం, ఫోను బిల్లు, సమ్మతి తీసుకోవడానికి పట్టే సమయం విడి పద్దులుగా కనబడాలి. మంజూరైన తరవాత కొత్త పద్దు చేర్చించడం అంటే ఆ ఫైలు ఎన్ని బల్లల మీద నిద్రపోతుందో నాకు తెలుసు. రెండోది, డబ్బు వాయిదాల్లో వస్తుంది. మొదటి వాయిదాకు వినియోగ ధ్రువపత్రం వెళితే తప్ప రెండోది రాదు. ఆరు క్లినిక్‌లలో ఒక్కరు రసీదులు ఇవ్వకపోయినా అందరి చెల్లింపూ ఆగుతుంది. కాబట్టి ఎవరు ఎప్పటికి ఏమి ఇవ్వాలి, ప్రచురణలో ఎవరి పేర్లుండాలి, ఫలితాలు క్లినిక్‌లకు ఎప్పుడు చెప్పాలి అన్నవి అవగాహన ఒప్పందంలోనే రాయించుకోండి. మీకు జరిగిన అనుభవం మళ్లీ జరగకూడదంటే నోటి మాట మీద ఉండకండి.

పెరంబూరు వైద్యుడు:

అందరికీ ధన్యవాదాలు. గణాంకవేత్త గారి లెక్క చూశాక, క్లినిక్‌ల వారీగా పంచుదామన్న ఆలోచన మానుకున్నాను. ఒక సందేహం మిగిలింది. మాకు ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధన రోగులకు న్యాయంగా ఉందో లేదో చూసి అనుమతి ఇచ్చే కమిటీ, లేదు. ఒక్కో క్లినిక్‌కు విడిగా అనుమతి కావాలా? ఇంకొకటి, ఫోను చేయని గుంపులోని రోగి మా కాంపౌండరుకు పక్కింటి మనిషి అయితే ఏం చేయాలి?

అంబత్తూరు గణాంకవేత్త:

మీరు చేసేది కొత్త మందు ట్రయల్ కాదు కాబట్టి, కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ మీద వచ్చిన 2019 నియమాల ప్రకారం ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర నమోదైన కమిటీ సమీక్షించాలి. ముందుండే సంస్థకు అలాంటి కమిటీ ఉంటే, ఆరు చోట్లనూ ఒకే ప్రొటోకాల్‌లో చూపించి దాని ముందు పెట్టండి. తొలి రోగిని చేర్చకముందే సీటీఆర్‌ఐ అనే జాతీయ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయండి, దానికి రుసుము లేదు. మీ మిత్రులలో ఎవరికైనా పద్ధతులు నేర్చుకోవాలనుంటే చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థవారి ఆరోగ్య పరిశోధన ప్రాథమికాంశాల కోర్సు ఆన్‌లైన్‌లో ఉంది.

కాంపౌండరు పక్కింటివారితో మాట్లాడకుండా ఎవరూ ఆపలేరు. అలా మాట్లాడినప్పుడు ఒక నోటుబుక్కులో తేదీ రాసుకోమనండి, విశ్లేషణలో అది పనికొస్తుంది.

వేళచ్చేరి నివాసి:

సమ్మతి పత్రం తమిళంలో ఒకటి, తెలుగులో ఒకటి ఉండాలి, తెలుగుది కూడా మన మద్రాసు తెలుగులో ఉండాలి. అనువదించి, మరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి సరిచూడటానికి అయ్యే ఖర్చును బడ్జెట్‌లో మరిచిపోకండి. తెలుగు ప్రతి సిద్ధమయ్యాక నాకు పంపితే, మా వీధిలో నలుగురు పెద్దవాళ్లచేత చదివించి ఎక్కడ ఆగారో రాసి పంపుతాను.