హేవ్‌లాక్ వంతెన ఒక్కటీ నిలబెడితే సరిపోతుందా?

ప్రశ్న (రాజమండ్రి నుంచి):
మా ఇల్లు పుష్కర ఘాట్ దగ్గరండి. చిన్నప్పుడు మద్రాసు మెయిల్లో హేవ్‌లాక్ వంతెన దాటుతుంటే, నాన్నగారు నా చేత గోదాట్లోకి పావలా వేయించి దణ్ణం పెట్టించేవారు. 1900లో రాకపోకలు మొదలైన ఆ వంతెన మీద 1997లో రైళ్లు ఆపేశారు. దాన్ని నడకదారి చేయాలని నాకూ ఆశే. కానీ ఘాట్లు, కాలువ లాకులు, పడవల రేవుల సంగతేంటి? అవన్నీ కలిస్తేనే కదా మన గోదావరి!

జవాబు (ధవళేశ్వరం):
బాగా అడిగారండి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆయన విగ్రహానికి దండలు వేస్తాం, వేయాలి కూడా. మరి ఇక్కడి కొండ రాయి కొట్టి మోసిన కూలీల పేర్లో? ఇక్కడి కాటన్ మ్యూజియంలో వాళ్లకీ ఒక గది ఉండాలి.

జవాబు (కాకినాడ, తాపీ పని):
ఒక్క మాటండి. పాత సున్నం కట్టడాలకి సిమెంటు పూయకండి. లోపలి చెమ్మ బయటికి రాక రాయి పెచ్చులూడుతుంది. గానుగ సున్నమే వాడాలి.

ప్రశ్న అడిగినవారు:
సున్నం సంగతి నాకు తెలీదండి, చాలా థాంక్స్. ఈ ఆదివారం రేవులో లాంచీలు నడిపిన పెద్ద సరంగుల దగ్గర కూర్చుని, పాత లాంచీల దారులు రాసుకొస్తాను.