ఈ వారం సమస్య: “చచ్చినట్టి కొడుకు జాబు వ్రాసె”

కోవూరు మాస్టారు:
జూలై 26, కార్గిల్ విజయ్ దివస్. 1999లో ఆ కొండల మీద 527 మంది పోయారు. వాళ్లలో ఎక్కువమంది మన పిల్లల ఈడువాళ్లే. ఈ వారం పూరణ వాళ్ల కోసం. ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

చచ్చినట్టి కొడుకు జాబు వ్రాసె

గిద్దలూరు మాజీ జవాను:
మాస్టారూ, కోపం కాదు గానీ ‘చచ్చినట్టి’ అని చూడగానే మనసు చివుక్కుమంది. నేలకొరిగినవాణ్ణి మేం అలా అనం. ‘సమసినట్టి’ అంటే గణాలూ సరిపోతాయి, స–జా యతీ కుదురుతుంది.

కోవూరు మాస్టారు:
కుదురుతుంది. కానీ ఆ మాట నాది కాదు. ఎవరిదో తర్వాత చెబుతాను. ముందు పూరణలు రానివ్వండి.

కావలి నుంచి:
జెండ చుట్టి తేగ జేజేలు పలికిన
ఊరు నేఁడు మరచియున్న వేళ
చేరఁగోరి తాను సేనకుఁ, దన తండ్రి
చచ్చినట్టి కొడుకు జాబు వ్రాసె

కోవూరు మాస్టారు:
భేష్! ‘తండ్రి’ని మూడో పాదం చివర నిలిపి సమస్యను విప్పేశారు. పోయింది కొడుకు కాదు, తండ్రి. మొదటి పాదం కూడా కార్గిల్‌కు బాగా అతికింది. అంతకుముందు యుద్ధాల్లో చాలామందికి అక్కడే అంత్యక్రియలు జరిగిపోయేవి, పేటికలు సొంతూళ్లకు రావడం అప్పుడే చూశాం. ఒక్క సవరణ. ‘తాను’ వ్యర్థపదం, వెంటనే ‘తన’ కూడా ఉంది. ‘తానె’ అనండి. ఎవరూ చెప్పకుండా వాడంతట వాడే రాశాడని అర్థం వస్తుంది.

నెల్లూరు, డిగ్రీ విద్యార్థిని:
నాకిది రెండో పద్యం. తప్పులుంటే చెప్పండి.

రొట్టె పట్టె తల్లి చెరువులోఁ గొలువుకై
కొలువు దొరికె బిడ్డ కోరినట్లె
మంచుకొండమీఁద మరణించె, కలలోన
చచ్చినట్టి కొడుకు జాబు వ్రాసె

బారాషహీద్ అంటేనే పన్నెండుమంది అమరవీరులు. మా నెల్లూరు రొట్టెల పండుగలో, వాళ్ల దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో దిగి ఆ తల్లి ఉద్యోగ రొట్టె పట్టింది. కోరిక తీరాక మళ్లీ వెళ్లి రొట్టె ఇవ్వాలి కదా. ఆమె ఎలా వెళుతుంది? అక్కడే ఆగిపోయాను సార్.

కోవూరు మాస్టారు:
అమ్మా, నువ్వు ఆగిన చోటే అసలు పద్యం ఉంది. దానిమీద ఇంకొకటి రాయి. ఇక దీని సంగతి. మొదటి పాదంలో రొ–చె యతి చెల్లదు. ‘రొట్టె పట్టె తల్లి రొట్టెల పండుగన్’ అంటే యతి కుదురుతుంది, ‘కొలువు’ రెండుసార్లు రావడం కూడా తప్పుతుంది. కల మాత్రం వద్దు. ఏ సమస్యనైనా కలతో దాటేయొచ్చు. ‘మరణించుటకు ముందె’ అని చూడు, కల అవసరమే ఉండదు.

ఇప్పుడు నా మాట. 1999లో ఉదయగిరి దగ్గర ఒక పల్లెబడిలో పనిచేస్తున్నా. కొడుకు పోయాడని టెలిగ్రాం వచ్చిన మూడో రోజు ఒక తల్లి కవరు తెచ్చి చదవమంది. మీద 56 ఏపీఓ అని, సైనిక తపాలా చిరునామా ఉంది. సెలవు దొరికేట్టుంది, వస్తున్నా, ఆవకాయ దాచు అని రాశాడు. “చచ్చినాక రాసినాడా అబ్బయ్యా?” అని అడిగిందామె. తేదీ చూపించాను. ఆమెకు చదువు రాదు. ఆ అంకెల మీద వేలు పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది.

గిద్దలూరు మాజీ జవాను:
మాస్టారూ, పాదం అలాగే ఉంచండి.

తంతి వచ్చె ముందు తనయుఁడు లేడంచు
మూడునాళ్లు గడువ ముట్టె కవరు
“అమ్మ! వచ్చుచుంటి నావకాయను దాచు”
చచ్చినట్టి కొడుకు జాబు వ్రాసె

కోవూరు మాస్టారు:
మూడో పాదం చివర ‘అనుచు’ పడాలి, చోటు లేదు. ఉత్తరం చదువుతున్నట్టే ఉంది. మార్చకండి.