బాక్సెన్ వ్యాగన్లకు బరువు ముందా, చక్రాలు ముందా? (మొత్తం 26, అందులో మొండివి 8)

కేకేలైన్_మధురవాడ | శనివారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మేడ మీద గదిలో హెచ్ఓ (అసలులో 87వ వంతు) మోడల్ రైలు లేఅవుట్ కడుతున్నానని పోయిన వేసవిలో రాశాను, గుర్తుండే ఉంటుంది. కొత్తవలస–కిరండూల్ లైను. కింద ఘాట్ మొదలు, మధ్యలో బొర్రా పేరు చెప్పుకుని రెండు సొరంగాలు, పైన శిమిలిగూడ లూప్ (స్టేషన్ పక్క లైను). అసలు లైన్లో లాగే 60కి 1 చొప్పున ఎత్తు పెట్టాను. వంపులు 22 అంగుళాల రేడియస్, గది అంతకుమించి ఒప్పుకోలేదు.

బాక్సెన్లు (పైకప్పు లేని సరుకు వ్యాగన్లు) 26 ఉన్నాయి. 18 త్రీడీ ప్రింటు చేయించినవి, ప్లాస్టిక్ చక్రాలు. మిగతా 8 చేత్తో చేసినవి. అన్నింటిలో ఎర్ర ఖనిజం పోసి జిగురు పెట్టాను. రెండు ఇంజన్లు కట్టినా పైకి వెళ్లేసరికి ఏదో ఒకటి పట్టాలు దిగుతోంది. దిగేవాటిలో ఎక్కువ ఆ 8లోవే.

ఈ నెల డబ్బు ఒక్కదానికే ఉంది. బరువులు అతికించాలా, 104 ఇరుసులకూ లోహపు చక్రాలు తెప్పించాలా? ఫొటోలు పెట్టాను చూడండి.

ఒహాయో_బేస్‌మెంట్ | శనివారం రాత్రి 10:02

బరువు. ఇందులో చర్చ ఏముందండీ?

ఎన్ఎంఆర్ఏ (అమెరికా మోడల్ రైలు సంఘం) వాళ్ల సిఫార్సు ఆర్పీ-20.1 అని ఉంది. హెచ్ఓలో ప్రతి పెట్టెకూ ముందు ఒక ఔన్సు, ఆపైన పొడవులో అంగుళానికి అర ఔన్సు. బాక్సెన్ పెట్టె పొడవు 9,784 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 112, అంటే నాలుగున్నర అంగుళాల లోపే. లెక్క కడితే మూడుంబావు ఔన్సులు, 92 గ్రాములు. మీ ప్రింటు వ్యాగన్ అందులో సగం తూగితే గొప్ప.

తేలికపాటి పెట్టెలు వంపులో ఎందుకు పడతాయో చెప్తా. వెనక బరువు లాగుతుంది, ముందు ఇంజన్ లాగుతుంది, మధ్యలో రైలు బిగదీసిన తాడులా సాపు కావాలని చూస్తుంది. ఆ తాడుకు అడ్డం వచ్చిన తేలిక పెట్టె వంపు లోపలివైపు ఒరిగిపోతుంది. నేను పాత అమెరికన్ కిట్లు నలభై సంతలో కొని, ఒక్కోదాన్నీ తూచి, సీసం పెట్టి, కేడీ కంపెనీ కప్లర్లు (పెట్టెలను కలిపే కొక్కేలు) వేసి, ఒక బోగీ (చక్రాల చట్రం) స్క్రూ బిగించి రెండోది కాస్త వదులుగా ఉంచి లైన్లో పెట్టాను. ఒకసారి మా దగ్గర్లో ఒక క్లబ్బు ప్రదర్శనకు తీసుకెళ్తే, మూడు పెట్టెలు బరువు తక్కువని గుమ్మం దగ్గరే పక్కన పెట్టేశారు. మనసు చివుక్కుమంది. ఆ రోజు నుంచి నా ఇంట్లో త్రాసు లేకుండా పెట్టె పట్టా ఎక్కదు.

బిట్రగుంట_షెడ్ | శనివారం రాత్రి 10:15

పాయింటు (పట్టా రెండుగా చీలే చోటు) దగ్గర పడుతోందా, వంపులోనా? ఎక్కడ?

కాజీపేట_సీఅండ్‌డబ్ల్యూ | ఆదివారం ఉదయం 6:20

తమ్మీ, ముందుగాల ఒక మాట. నీ ఫొటోల ఖనిజం కుప్పలు కుప్పలు పోసినవ్. ఎవడు పోస్తడట్ల? బాక్సెన్ల జాగ 56 ఘనపు మీటర్లు, మోసేది 58 టన్నుల పైచిల్లర. బొగ్గయితే అంచు దాక వస్తది. ఇనుప ఖనిజం మీటరుకు రెండు టన్నులకు తక్కువుండదు, డబ్బా సగం నిండెటాలకే బరువు దిగుతది. కిరండూల్ నుంచి వచ్చే రేకు (వ్యాగన్ల వరుస) మీది వంతెన ఎక్కి చూడు, లోపల అడుగున ఎర్రగ కనపడతది, అంతే.

నువ్వు గోపురం లెక్క పేర్చినవ్. బరువంత నెత్తి మీదికి పోయింది. పడక ఏంజేస్తది?

వ్యాగన్లకు ఏం కాలేదు. లోడు తియ్యి, ట్రాక్ లెవెల్ చూడు.

19.24_మిమీ | ఆదివారం ఉదయం 8:44

ఎవరూ అసలు విషయం మాట్లాడరు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87.1తో భాగిస్తే 19.24. మీరు వేసింది 16.5 పట్టా. అది అమెరికా, యూరప్ వాళ్ల 1,435కి సరిపోయేది. భారతీయ వ్యాగన్‌ను సన్నపట్టా మీద నిలబెట్టి "పడుతోంది" అంటే ఎలా? మనిషిని ఒంటికాలి మీద నిలబెట్టినట్టే.

బిట్రగుంట_షెడ్ | ఆదివారం ఉదయం 8:50

మళ్లీ మొదలు. ప్రతి చర్చలోనూ ఇదే.

ఒహాయో_బేస్‌మెంట్ | ఆదివారం ఉదయం 9:30

19.24 గారూ, గది మొత్తం పీకేసి పట్టాలు చేత్తో వేసుకోమంటారా? నడిచే పరిష్కారం చెప్పండి. మధురవాడ గారూ, వ్యాగన్లు తూచారా?

కేకేలైన్_మధురవాడ | ఆదివారం మధ్యాహ్నం 1:15

వంటింటి త్రాసు మీద తూచాను (ఇంట్లో అక్షింతలు పడ్డాయి, అది వేరే కథ). ప్రింటువి 48 గ్రాములు. చేతివి 71.

ఇంకో పని కూడా చేశాను. 40 సెంటీమీటర్ల చెక్క మీద పట్టా ముక్క అతికించి, ఒక చివర కింద పోస్టుకార్డులు దొంతరగా పెట్టుకుంటూ పోయాను. ప్లాస్టిక్ చక్రాల వ్యాగన్ కదలాలంటే చివర రెండు సెంటీమీటర్లు లేవాలి. ఫ్రెండు దగ్గర తెచ్చిన లోహపు చక్రాలు ఒకదానికి వేస్తే 8 మిల్లీమీటర్లకే జారిపోయి నేల మీద పడింది. కప్లర్ విరిగింది.

బిట్రగుంట_షెడ్ | ఆదివారం మధ్యాహ్నం 1:40

లెక్క కట్టండి. ఒహాయో గారి కొలత ప్రకారం 26 పెట్టెలు 92 గ్రాముల చొప్పున 2.4 కిలోలు. 60కి 1 ఎక్కడానికే 40 గ్రాముల లాగుడు కావాలి, అది తప్పదు. ప్లాస్టిక్ చక్రాలతో కదిలించడానికి దాని మీద ఇంకో 120, లోహపువైతే 48. బరువు పెంచి చక్రాలు మార్చకపోతే ఇంజన్ ఉన్నచోటే చక్రాలు తిప్పుకుంటూ ఉంటుంది.

ఎక్కడ పడుతోందో మాత్రం ఇంకా చెప్పలేదు.

కాజీపేట_సీఅండ్‌డబ్ల్యూ | ఆదివారం సాయంత్రం 5:05

48 గ్రాములది నిలబడ్తున్నది, 71ది పడ్తున్నది. ఒహాయో సారు బరువు సిద్ధాంతం ఏడబోయిందో జర చెప్పుండ్రి.

ఇంకొకటి. ఆ అమెరికా చక్రాలు తెప్పిస్తే సైజు తప్పైతది. మన బాక్సెన్ చక్రం కొత్తది 1,000 మిల్లీమీటర్లు.

ఒహాయో_బేస్‌మెంట్ | ఆదివారం రాత్రి 7:48

ఇక్కడి 36 అంగుళాల చక్రం హెచ్ఓలో పదిన్నర మిల్లీమీటర్లు. వెనక్కి లెక్కేస్తే 914. కంటికి తేడా తెలుస్తుందా?

కాజీపేట_సీఅండ్‌డబ్ల్యూ | ఆదివారం రాత్రి 8:10

మాకు తెలుస్తది. 906కు వస్తే చక్రం తీసి పక్కకు పెడ్తం. మీ 914కు ఇంకో ఎనిమిది మిల్లీమీటర్ల బతుకున్నది, నడిపించుకోండ్రి.

సీలేరు_కుర్రాడు | ఆదివారం రాత్రి 8:30

😂 ఈ ముక్క ఫ్రేము కట్టించాలి. ఒక చిన్న మాట: కప్లర్లు విడదియ్యడానికి పట్టా మధ్య అయస్కాంతం పెట్టేట్టయితే బరువుకు ఇనుప నట్లు వాడొద్దు. అయస్కాంతం మీదికి రాగానే వ్యాగన్ తుళ్లిపడుతుంది. సీసం వాడి చేతులు కడుక్కోండి.

ఒహాయో_బేస్‌మెంట్ | సోమవారం ఉదయం 7:15

ఫొటోలు పెద్దవి చేసి చూశాను. ఇప్పుడర్థమైంది. ఆ ఎనిమిదింటికీ ఇరుసులు సైకిల్ పుల్లలా? బోగీ పక్కలు అట్టముక్కలా? అండీ, 71 గ్రాములు కాదు 710 పెట్టినా అవి నిలబడవు. ఇరుసు కొన సూదిగా ఉండి గుంటలో తిరగాలి, పుల్ల రంధ్రంలో రాసుకుంటూ తిరిగితే ఎలా? ఆ బోగీలు పీకి చెత్తబుట్టలో వేసి కొత్తవి బిగించండి. ఎనిమిదింటికీ కలిపి పదహారు బోగీలు, పెద్ద ఖర్చు కాదు. అప్పుడు బరువు సంగతి మాట్లాడదాం.

కాజీపేట_సీఅండ్‌డబ్ల్యూ | సోమవారం ఉదయం 7:31

చెత్తబుట్టల ఎయ్యాల్నా.

ఆ ఎనిమిది నేను జేసినవి.

రిటైరైనంక ఒక్కొక్క దానికి మూడు వారాలు. బాక్సెన్ కింద ఉండే కాస్నబ్ బోగీ పక్క ఫ్రేము ఎట్లుంటదో నాకు డ్రాయింగు అవసరం లేదు, దాని కింద పండుకుని బ్రేకు బ్లాకులు మార్చిన చేతులివి. పెండ్లి పత్రికల అట్ట, మూడు పొరలు. స్ప్రింగులకు పెన్నుల తీగ. నాలుగో వ్యాగన్ ఎడమ పక్క తలుపుకు సొట్ట ఉంటది చూడు, అది తప్పు కాదు, కావాలని పెట్టిన. అసొంటి సొట్ట లేని బాక్సెన్ నేను చూడలే. ఆరోది చేసేటాలకు కంటికి శుక్లాలొచ్చినయ్, ఏడు, ఎనిమిది భూతద్దం పెట్టి చేసిన.

తమ్ముడు ఇష్టపడ్డడని ఇచ్చిన. అమ్మలేదు. పారేసేటందుకు ఇయ్యలేదు.

ఒహాయో_బేస్‌మెంట్ | సోమవారం ఉదయం 8:20

మీవని తెలిస్తే ఆ మాట అనేవాణ్ని కాదు. క్షమించండి. బోగీల పనితనం గురించి ఒక్క మాట కూడా తప్పు పట్టను.

కానీ నిన్నటి నుంచి లోడు తప్పు, ట్రాక్ తప్పు, చక్రం సైజు తప్పు అన్నారు. వ్యాగన్ తప్పు కావచ్చని ఒక్కసారీ అనలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. లేఅవుట్ ఆయనది. ఆయనకు రైలు నడవాలి.

కాజీపేట_సీఅండ్‌డబ్ల్యూ | సోమవారం ఉదయం 8:52

నడిపియ్యాలంటే బజార్ల దొరికే బొమ్మ రైలు నడిపియ్యొచ్చు. గుండ్రంగ తిరుగుతనే ఉంటది. బాక్సెన్ బాక్సెన్ లెక్క కనపడకపోతే దానికి కొత్తవలస ఎందుకు, కిరండూల్ ఎందుకు?

ఒహాయో_బేస్‌మెంట్ | సోమవారం ఉదయం 9:05

రైల్వేలో మీరు పనిచేసిన చోట సిక్ లైన్ ఉండేది కదండీ? ఎంత అందంగా ఉన్నా, కొత్తగా రంగు వేసి ఉన్నా, చక్రంలో లోపముంటే సిక్ మార్కు వేసి రేకులోంచి తీసి అక్కడ పెట్టేది మీరే కదా? "నేను చేసిన వ్యాగన్" అని ఎప్పుడైనా వదిలేశారా?

19.24_మిమీ | సోమవారం ఉదయం 9:40

ఒహాయో గారూ, అది అనకుండా ఉండాల్సింది.

కేకేలైన్_మధురవాడ | సోమవారం రాత్రి 9:55

తప్పు నాది. ఎవరివో చెప్పకుండా "మొండివి" అని శీర్షికలో పెట్టాను. కాజీపేట బాబాయ్‌కి ఫోన్ చేసి అడగడానికి మొహమాటపడి, పేరు లేకుండా ఇక్కడ అడిగితే పోతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆరు నెలలుగా ఆ ఎనిమిదింటినీ పక్క లూప్‌లో నిలబెట్టి ఫొటోలకే వాడుతున్నాను. ఇంటికొచ్చినవాళ్లు ముందు వాటినే చూస్తారు. సొట్ట తలుపు గురించి అందరూ అడుగుతారు.

బిట్రగుంట గారూ, మీ ప్రశ్నకు రెండు రోజులు ఆలస్యంగా జవాబు: ఆ ఎనిమిదీ వంపులో పడవు. శిమిలిగూడ లూప్ పాయింటు దగ్గర, క్రాసింగ్ (పట్టాలు ఒకదాన్నొకటి కోసే చోటు) దాటేటప్పుడు. వంపులో ఒరిగేవి ప్రింటువి.

బిట్రగుంట_షెడ్ | సోమవారం రాత్రి 10:01

అంటే రెండు వేరే వేరే జబ్బులు. దేవుడా.

19.24_మిమీ | సోమవారం రాత్రి 10:20

వెర్నియర్ ఉందా? ఆ ఎనిమిదింటి చక్రాల వీపు (లోపలి ముఖం) నుంచి వీపుకు కొలవండి. 16.5 పట్టా మీద 14.4 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా ఉండాలి. తక్కువుంటే క్రాసింగ్ దగ్గర చెక్ రైలుకు (పట్టా పక్కనే ఉండే అదనపు పట్టాకు) చక్రం వీపు తగిలి పైకెక్కుతుంది. గేజ్ గురించి అడిగేవాడు లేడు గానీ, ఈ రోగం నాకు తెలుసు.

కేకేలైన్_మధురవాడ | మంగళవారం ఉదయం 6:40

32 ఇరుసులూ కొలిచాను. 13.7 నుంచి 14.0 దాకా ఉన్నాయి. 14.4 ఒక్కటీ లేదు. ప్రింటువి అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

కాజీపేట_సీఅండ్‌డబ్ల్యూ | మంగళవారం ఉదయం 11:15

అసలు బండిల వీపు నుంచి వీపుకు 1,600. ప్లస్ రెండు, మైనస్ ఒకటి. డిపోల గేజి పట్టుకుని రోజుకు ఎన్ని చక్రాలు కొలిచిననో లెక్క లేదు. మైనస్ రెండుంటే దాన్ని కదలనియ్యలే.

ఇంట్ల కూసోని చేసినప్పుడు నా కాడ ఈ సైజుకు గేజి లేకుండె. కంటితోని పెట్టిన.

పుల్ల మీద చక్రం జిగురుతోనే ఉన్నది తమ్మీ, బిగించి కొట్టలే. వేడినీళ్లల్ల రెండు నిమిషాలు పెట్టి మెల్లగ గుంజు, వస్తది. 14.4 పెట్టు. బోగీ ఫ్రేము ముట్టకు.

కేకేలైన్_మధురవాడ | గురువారం రాత్రి 11:30

ఆరు వ్యాగన్లు సరిచేశాను. లూప్ పాయింటు మీద ఇరవైసార్లు ముందుకూ వెనక్కీ నడిపాను, ఒక్కటీ దిగలేదు. ఏడు, ఎనిమిదిలో రెండు పుల్లలు వంగి ఉన్నాయి, వాటికి ఇరుసులు మార్చాలి. ఖనిజం కూడా గీకి సగానికి దించాను. కింద సీసం పట్టడానికి చోటు దొరికింది. లోహపు చక్రాలు వచ్చే నెల, ముందు ప్రింటువాటికి.

ఒహాయో_బేస్‌మెంట్ | శుక్రవారం ఉదయం 5:50

సంతోషం. సీసం పెట్టాక 92 వచ్చిందా లేదా తూచి చెప్పండి. తేలికవి ఇంజన్ వెనకాలే కట్టకండి.

కాజీపేట_సీఅండ్‌డబ్ల్యూ | శుక్రవారం ఉదయం 6:05

92 గిట్ల ఏం వద్దు, లోడు దింపినవ్ చాలు.

ఆ రెండింటి బోగీలు విప్పి డబ్బల పెట్టు. విశాఖ నుంచి కాజీపేటకు ఎవరన్న వస్తే ఇచ్చి పంపు. వెర్నియర్ ఎంతకొస్తదో గూడ చెప్పు.