రౌండ్స్‌లో పేషెంట్ ముందే నర్సు డాక్టర్‌ను ఆపొచ్చా?

హన్మకొండ సిస్టర్:
పదకొండేళ్లుగా ప్రైవేటు ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. పోయిన వారం జరిగింది చెప్తాను, తప్పెవరిదో మీరే చెప్పండి. ఏటూరునాగారం వైపు నుంచి జ్వరంతో ఒక పెద్దాయన అడ్మిట్ అయ్యాడు. ఆయన కొడుకు పాలిథిన్ కవర్లో పాత చీటీలన్నీ పట్టుకొచ్చాడు. అందులో ఒక డిశ్చార్జి కాగితం మీద సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ పడలేదని, ఒళ్లంతా దద్దుర్లు లేచాయని రాసి ఉంది. రౌండ్స్‌లో సార్ అదే ఇంజెక్షన్ రాశారు. "సార్, ఇది ఈయనకు పడదట" అన్నాను. "డాక్టర్ నువ్వా, నేనా?" అన్నారు, మంచం చుట్టూ ఐదుగురు బంధువులు చూస్తుండగానే. అరగంట తర్వాత కేస్ షీట్‌లో మందు మారింది, నాతో మాత్రం సార్ ఆ రోజంతా మాట్లాడలేదు. పక్కకు పిలిచి చెప్పాల్సింది కదా అని మా వాళ్లంతా నన్నే అంటున్నారు.

కాజీపేట ఫిజీషియన్:
ఆ డాక్టర్ ఆ మాట అనడం ముమ్మాటికీ తప్పు, అందులో నాకు రెండో ఆలోచన లేదు. కానీ సిస్టర్, బంధువుల ముందు "ఇది పడదు" అంటే వాళ్లకు వినపడేది "ఈ డాక్టర్‌కు తెలియదు" అనే. రేపు ఆ పెద్దాయనకు వేరే కారణంతో ఏమైనా అయితే ఆ మాటే పట్టుకుని గొడవకు వస్తారు. ఆసుపత్రుల మీద దాడులు ఆపడానికి 2008లో చట్టం వచ్చింది, అయినా అద్దాలు పగులుతూనే ఉన్నాయి. రెండడుగులు పక్కకు జరిగి చెప్తే పోయేదేముంది?

ఓటీ టెక్నీషియన్, జనగామ:
సార్, ఓటీలో, అంటే ఆపరేషన్ థియేటర్‌లో, పక్కకు పిలిచే టైమ్ ఉండదు. 2008లో డబ్ల్యూహెచ్‌ఓ 19 అంశాల ఆపరేషన్ చెక్‌లిస్టు తెచ్చింది అందుకే. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పెట్టి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. కోత పెట్టే ముందు అందరూ ఆగాలి, ఎవరి పేరు ఏంటో, ఎవరి పని ఏంటో పైకి చెప్పుకోవాలి. ఒకసారి పేరు చెప్పి నోరు తెరిచిన మనిషి తర్వాత ఏదైనా తేడా కనిపిస్తే మళ్లీ తెరవగలడు.

కాజీపేట ఫిజీషియన్:
కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో 101 ఆసుపత్రుల లెక్క 2014లో వచ్చింది, అది కూడా చూడండి. అదే తరహా చెక్‌లిస్టు, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. కాగితం పెడితే మనుషులు మారరు.

ఓటీ టెక్నీషియన్, జనగామ:
నేను చెప్పేదీ అదే కదా సార్. నేను ఇదివరకు పనిచేసిన చోట ఆపరేషన్ అయిపోయాక ఎవరో ఒకరు కూర్చుని టిక్కులన్నీ ఒకేసారి పెట్టేసేవాళ్లు. అక్కడ కాగితం ఉంది, మాట లేదు.

పీజీ డాక్టర్, వరంగల్:
ఒక మాట చెప్పి పోతాను, డ్యూటీ ఉంది. బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. మీ వార్డుల్లో ఎంతమందికి ఒకరున్నారో లెక్కపెట్టుకోండి. ముప్పై గంటలు నిద్ర లేని డాక్టర్, నలభై మందిని చూసే సిస్టర్ ఒకరి మీద ఒకరు చిరాకు పడకపోతేనే వింత. మనుషుల్ని ఇవ్వకుండా టీమ్‌వర్క్ క్లాసులు పెడితే ఏం లాభం?

హన్మకొండ సిస్టర్:
పీజీ గారూ, మీరన్నది నిజమే, పనిభారం ఉంది. కానీ నా చేతిలో సిరంజి ఉన్నప్పుడు స్టాఫ్ పెరిగే దాకా ఆగలేను కదా. ఒక రాత్రి రెండింటికి డ్యూటీ డాక్టర్ ఫోన్‌లో ఇన్సులిన్ చెప్పారు. నాకు "ఫిఫ్టీ" అని వినపడింది. అంత డోసా అనిపించి "సార్, పదిహేనా, యాభయ్యా?" అని తెలుగులో అడిగాను. పదిహేను. ఆయన విసుక్కోలేదు, "మంచి పని చేశావమ్మా, ఇక నుంచి రోజూ ఇట్లనే తిరిగి చెప్పు" అన్నారు. అప్పటి నుంచి ఫోన్ ఆర్డర్ ఏదైనా అంకె తెలుగులో తిరిగి చెప్పి, ఆయన అవునన్నాకే మందు తీస్తాను. ఆ ఒక్క మాట వల్ల మిగతా సిస్టర్లకూ ధైర్యం వచ్చింది.

ఇంకొకటి. మా వార్డు ఆయమ్మ ఒకరోజు నా దగ్గరికొచ్చి మెల్లగా "సిస్టరమ్మా, ఏడో బెడ్డు తాతకు పొద్దుగాల నుంచి సంచిల ఏం రాలే" అంది. చూస్తే మూత్రం గొట్టం మడత పడి ఉంది, కడుపు ఉబ్బి ఉంది. బ్యాగు ఖాళీ చేసేది ఆమె, ముందు తెలిసేది ఆమెకే. ఎప్పుడు చూశావంటే పది గంటలకట. అప్పుడు రౌండ్స్ నడుస్తున్నాయి, ఆమె గోడకు ఆనుకుని అక్కడే నిలబడి ఉంది. సార్ ముందు నేనెట్ల మాట్లాడతనమ్మా అంది.

కాజీపేట ఫిజీషియన్:
ఆయమ్మ సంగతి మనసులో గుచ్చుకుంది సిస్టర్. నేను చేయగలిగింది చెప్తాను. రేపటి నుంచి మంచం దగ్గరికి వెళ్లే ముందు నర్సింగ్ స్టేషన్‌లో ఐదు నిమిషాలు సిస్టర్‌తో కేస్ షీట్లు చూస్తాను, పడని మందులు అప్పుడే బయటపడతాయి. బంధువుల ముందు వద్దన్న మాట మీద మాత్రం ఇప్పటికీ ఉన్నాను, ప్రాణం మీదికొచ్చే విషయమైతే తప్ప.

హన్మకొండ సిస్టర్:
అది ప్రాణం మీదికొస్తుందో లేదో ఆ క్షణంలో ఎవరు తేల్చాలి సార్? నాకు అనుమానమొస్తే ఎవరున్నా సరే అడుగుతాను. గొంతు తగ్గించి, "సార్, ఒక్కసారి ఈ పాత కాగితం చూడండి" అంటాను, అంతవరకు మార్చుకుంటాను. ఆ ఐదు నిమిషాలకు ఆయమ్మను కూడా పిలవండి.